అత్తగారిచ్చిన కిడ్నీ ఎన్నేళ్లు పనిచేస్తుంది?

ప్రశ్న: మాది ఉప్పల్. మావారికి 36 ఏళ్లు. ఐజీఏ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బు వల్ల రెండు కిడ్నీలూ పాడయ్యాయి. కొన్ని నెలలు డయాలసిస్ చేయించాక మా అత్తగారి కిడ్నీ పెట్టించాం. ఆవిడకు 59. ఆపరేషనై పదహారు నెలలైంది. క్రియాటినిన్ ఇన్నాళ్లూ 1.2 ఉండేది, ఈ నెల 1.5 వచ్చింది. ఆయన మళ్లీ గచ్చిబౌలిలో నైట్ షిఫ్టులకు వెళ్తున్నారు. సాయంత్రం ఆరున్నరకు క్యాబ్ ఎక్కి తెల్లవారుజామున ఐదింటికి వస్తారు, మధ్యాహ్నం ఒంటిగంట దాకా పడుకుంటారు. మాత్రలు ఆలస్యమవుతున్నాయి, ఒక్కోసారి తప్పిపోతున్నాయని కూడా నా అనుమానం. అడిగితే కోపం. బరువు తొమ్మిది కిలోలు పెరిగారు. బంధువులేమో "పెట్టిన కిడ్నీ ఐదేళ్లే, తర్వాత మళ్లీ డయాలసిసే" అంటున్నారు. మా పిన్ని బలానికని తిప్పతీగ కషాయం పంపింది. ఈసారి అయ్యప్ప మాల వేసుకుంటానని ఆయన పట్టుబడుతున్నారు. అసలు ఈ కిడ్నీ ఎన్నేళ్లు ఉంటుంది? మా చేతుల్లో ఏముంది? ఇప్పటినుంచే మా ఆడపడుచును ఇంకో దాతగా అనుకుని ఉండాలా? రిపోర్టులు జత చేశాను. (ఒక సోదరి, హైదరాబాద్)

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలన్నింటికీ చెబుతాను. దానికన్నా ముందు మీరు చేయాల్సిన పని ఒకటుంది. వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఈ వారంలోనే మీ నెఫ్రాలజిస్టును కలవండి. "1.2 నుంచి 1.5, కొంచెమేగా" అని ఎవరైనా అనొచ్చు. ల్యాబ్ కాగితం మీద కూడా పెద్ద తేడా ఉన్నట్టు కనిపించకపోవచ్చు. క్రియాటినిన్ అంటే కిడ్నీ రక్తంలోంచి వడకట్టి పంపేయాల్సిన వ్యర్థం, అది పెరిగితే కిడ్నీ పని తగ్గిందేమో అని చూడాలి. కిడ్నీ మార్పిడి అయినవాళ్ల క్రియాటినిన్‌ను ల్యాబ్ వేసిన నార్మల్‌తో పోల్చి ఊరుకోకూడదు. వాళ్ల సొంత అంకెతో పోల్చాలి. మీవారి సొంత అంకె 1.2. అక్కడినుంచి 1.5 అంటే పాతిక శాతం పెరిగినట్టు. అంత పెరిగినప్పుడు కారణం వెతకాల్సిందే.

కారణం రిజెక్షనే (శరీరం కొత్త కిడ్నీని పరాయిదనుకుని దాడిచేయడం) అయ్యుండాలని లేదు, కాబట్టి ఇప్పుడే హడలిపోకండి. నీళ్లు సరిగ్గా తాగకపోయినా, రెండు రోజులు విరేచనాలైనా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, నడుం నొప్పికి ఓ మాత్ర వేసుకున్నా క్రియాటినిన్ పెరుగుతుంది. రిజెక్షన్ రాకుండా రోజూ వేసుకునే టాక్రోలిమస్ ఎక్కువైతే ఆ మందే కిడ్నీని దెబ్బతీస్తుంది, తక్కువైతే శరీరం కిడ్నీ మీద తిరగబడుతుంది. బీకే వైరస్ అని ఒకటుంది. మనలో చాలామంది ఒంట్లో చిన్నప్పటినుంచీ ఏ హానీ చేయకుండా పడి ఉంటుంది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లలో అది లేచి కొత్త కిడ్నీని పాడుచేయగలదు. వీటిలో ఏది జరుగుతున్నా మొదట్లో మనిషికి ఏమీ తెలియదు. ఆకలి బాగానే ఉంటుంది, మూత్రం బాగానే వస్తుంది, ఆఫీసుకు వెళ్లొస్తూనే ఉంటారు. కాళ్లు వాచేదాకా ఆగితే చాలా నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటుంది.

డాక్టరుగారు రక్తం, మూత్రం, స్కాన్, మందు లెవల్ చూస్తారు. వాటితో తేలకపోతే బయాప్సీ అంటారు. ఆ మాట వినగానే చాలామంది ఇంటికెళ్లి ఆలోచించుకుని వస్తామంటారు, అలా వెళ్లినవాళ్లలో కొందరు నెలల తర్వాత గానీ రారు. దయచేసి మీరు అలా చేయకండి. కొత్త కిడ్నీ పొత్తికడుపులో చర్మానికి దగ్గరగానే ఉంటుంది. అక్కడికి మాత్రం మత్తిచ్చి, స్కాన్‌లో చూస్తూ సన్నని సూదితో రవ్వంత ముక్క తీస్తారు. రక్తస్రావం అయ్యే రిస్కు కొంచెం ఉంటుంది కాబట్టి ఆ రోజుకు ఆస్పత్రిలో ఉంచుకుంటారు. తొలిదశలో పట్టుబడిన రిజెక్షన్ చాలామందిలో మూడు రోజులపాటు ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో అదుపులోకి వస్తుంది. ముదిరాక దొరికిన దానికి అంత మంచి వైద్యం ఇప్పటికీ లేదు.

ఇక ఎన్నేళ్లు అన్న మాట. మీ బంధువులు చెప్పే ఐదేళ్ల లెక్కను పక్కన పెట్టేయండి. బతికున్న దాత ఇచ్చిన కిడ్నీ సగటున 15 నుంచి 20 ఏళ్లు, ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా బ్రెయిన్‌డెడ్ అయినవారి నుంచి వచ్చేది 10 నుంచి 15 ఏళ్లు పనిచేస్తుందని వైద్యులు సాధారణంగా చెబుతారు. సగటు అన్నాను కాబట్టి దానికి అటూ ఇటూ ఉన్నవాళ్లనూ గుర్తుపెట్టుకోండి. ముప్పై ఏళ్లు దాటినా అదే కిడ్నీతో తిరుగుతున్నవాళ్లున్నారు. రెండేళ్లకే మళ్లీ డయాలసిస్ కుర్చీలో కూర్చున్నవాళ్లూ ఉన్నారు. మీవారు ఎటువైపు ఉంటారన్నదాన్ని కొంతవరకు ఆపరేషన్ రోజుకే తేలిపోయిన విషయాలు నిర్ణయిస్తాయి, మిగతాది ఇంకా తేలుతూనే ఉంటుంది.

తేలిపోయినవాటిలో మీకు కలిసొచ్చినవే ఎక్కువ. దాత తల్లి. హెచ్‌ఎల్‌ఏ పరీక్షలో, అంటే ఇద్దరి కణజాలం ఎంత కలుస్తుందో చూసేదాన్లో, ముఖ్యంగా చూసే ఆరు గుర్తుల్లో సగమైనా తల్లితో కలుస్తాయి. బతికున్న దాత కాబట్టి కిడ్నీ ఐస్‌లో గంటల తరబడి ఉండాల్సిన అవసరం రాలేదు, పక్క థియేటర్ నుంచి నేరుగా వచ్చి రక్తం అందుకుంది. డయాలసిస్ మీద ఏళ్లకేళ్లు గడపలేదు, అది ఎంత తక్కువైతే ఫలితం అంత బాగుంటుంది. కొంచెం ఎదురు నిలిచేది ఆవిడ వయసు. 59 ఏళ్ల కిడ్నీ బాగానే పనిచేస్తుంది గానీ, పాతికేళ్ల మనిషి కిడ్నీకి ఉన్నంత మిగులు శక్తి దానికి ఉండదు. దెబ్బ తగిలితే తట్టుకునే ఓపిక తక్కువ. ఆవిడ కిడ్నీని మరింత భద్రంగా చూసుకోవాలని నేననేది అందుకే.

అసలు జబ్బు సంగతి కూడా మరిచిపోకూడదు. ప్రపంచంలో మొదటిసారి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1954 డిసెంబరులో అమెరికాలోని బోస్టన్‌లో జరిగింది. ఇచ్చిందీ పుచ్చుకున్నదీ అచ్చం ఒకేలా ఉండే కవలలు. అంతకన్నా గొప్ప మ్యాచ్ లోకంలో ఉండదు, రిజెక్షన్ మాటే రాలేదు. అయినా ఎనిమిదేళ్ల లోపే కిడ్నీ పుచ్చుకున్న సోదరుడికి పాత జబ్బే కొత్త కిడ్నీలోకి తిరిగొచ్చింది. ఐజీఏ నెఫ్రోపతీ కూడా అలా తిరిగి రాగలదు. వచ్చినా చాలామందిలో నెమ్మదిగా నడుస్తుంది, బీపీ కట్టడిలో ఉంటే, మూత్రంలో ప్రొటీన్ పోకుండా చూసుకుంటే ఎన్నో ఏళ్లు నెట్టుకురావచ్చు. కాబట్టి రక్తపరీక్షతోపాటు మూత్రంలో ప్రొటీన్ పరీక్ష ప్రతిసారీ అడిగి చేయించండి. మీరు పంపిన రిపోర్టుల్లో గత ఐదు నెలలుగా అది లేదు.

ఆ రిపోర్టుల్లో మీరు క్రియాటినిన్ కింద ఎర్ర పెన్నుతో గీత గీశారు. నా కళ్లు మాత్రం దాని కింద ఉన్న టాక్రోలిమస్ లెవల్స్ దగ్గర ఆగిపోయాయి. వరసగా నాలుగుసార్లు: 9.1, 3.8, 8.4, 4.1. ఏడాది దాటినవాళ్లకు సాధారణంగా 5 నుంచి 8 మధ్య ఉంచుతారు. మీవారికి ఎంత ఉండాలన్నది ఆయన డాక్టరే చెప్పాలి. కానీ ఎవరికైనా సరే, ఇలా పైకీ కిందికీ దూకడం మంచిది కాదు. లెవల్ ఎక్కువ ఊగిసలాడేవాళ్లలో కిడ్నీ త్వరగా పోతుందని ఎన్నో పరిశోధనల్లో తేలింది. తగ్గిన ప్రతిసారీ శరీరానికి ఆ కిడ్నీ పరాయిదని గుర్తుపట్టే అవకాశం దొరుకుతుంది. అప్పుడు దాత కిడ్నీ మీద దాడిచేసే యాంటీబాడీలు రక్తంలో పుట్టుకొస్తాయి. ఒకసారి పుట్టాక వాటిని పూర్తిగా పోగొట్టడం చాలా కష్టం. క్రియాటినిన్ చివర్లో పెరిగేది. లెవల్ ముందే చెబుతుంది.

ఆ ఊగిసలాట ఎందుకో మీ ఉత్తరంలోనే దొరుకుతోంది. మీరు రాసినదాన్నిబట్టి ఆయన సాయంత్రం ఆరున్నరకు క్యాబ్ ఎక్కుతారు, తెల్లవారుజామున ఐదింటికి ఇల్లు చేరతారు, మధ్యాహ్నం ఒంటిగంట దాకా పడుకుంటారు. మాత్రలేమో డిశ్చార్జి చీటీలో రాసినట్టు పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది. పొద్దున ఎనిమిదికి ఆయన గాఢనిద్రలో ఉంటారు. రాత్రి ఎనిమిదికి కాల్‌లో ఉంటారు. ఇందులో ఆయన అశ్రద్ధ కొంతే, మిగతాది వేళల గొడవ. డాక్టరుగారితో మాట్లాడి ఆరింటికి ఆరింటికి మార్పించండి. ఇంటికొచ్చాక పడుకోబోయే ముందు ఒకటి, సాయంత్రం క్యాబ్‌కి ముందు ఒకటి. పన్నెండు గంటల తేడా సరిపోతుంది. రెండుసార్లూ తిండికి గంట ముందో, రెండు గంటల తర్వాతో అయితే మంచిది. ఒకరోజు పరగడుపున, ఇంకోరోజు బిర్యానీ మీద వేసుకుంటే ఒంటికి పట్టే మందు మారిపోతుంది. రోజుకొకసారే వేసుకునే రకం టాక్రోలిమస్ కూడా ఉంది, ఆయనకు సరిపోతుందేమో అడగండి. సొంతంగా మాత్రం మార్చకండి. ఒక డోసు తప్పితే ఏం చేయాలో కూడా అప్పుడే రాయించుకోండి. తప్పింది కదా అని రెండు కలిపి ఎప్పుడూ వేసుకోకూడదు. అన్నిటికన్నా మేలు, ఆస్పత్రి నుంచి లెటర్ తీసుకుని ఆఫీసులో డే షిఫ్టు అడగడం. అడగడానికి మొహమాటపడాల్సిన పనే లేదు.

ఇంకొకటి, చాలా ఇళ్లలో జరిగేది. లెవల్ టెస్టు రోజున మాత్ర వేసుకుని, టీ తాగి, మెట్రో ఎక్కి, పదింటికి ల్యాబ్‌లో చెయ్యి చాపుతారు. ఆ పరీక్ష అర్థం వేరు. ముందు డోసు వేసుకున్న పన్నెండు గంటలకు, తర్వాతి డోసు వేసుకోకముందు రక్తంలో ఎంత మందు మిగిలిందో చూడటానికి అది. మాత్ర వేసుకుని ఇస్తే లెవల్ లేనంత ఎక్కువగా కనిపిస్తుంది. డాక్టరు ఆ కాగితం నమ్మి డోసు తగ్గిస్తారు. నిజంగా ఉన్నది కాస్తా పడిపోతుంది. మీవారికి 9.1 తర్వాత 3.8 రావడం చూస్తే నాకు ఈ అనుమానమే వస్తోంది. ఆ రెండు పరీక్షల మధ్య డోసు తగ్గించారేమో పాత చీటీలు తీసి చూడండి. రక్తం ఏ టైముకిచ్చారో, అంతకుముందు మాత్ర ఏ టైముకు వేసుకున్నారో ప్రతి రిపోర్టు మీదా రాసి డాక్టరుకు చూపించండి.

మెడికల్ షాపులో "అదే మందండీ, కంపెనీ వేరంతే" అని ఇచ్చినా టాక్రోలిమస్ విషయంలో ఒప్పుకోకండి. తప్పనిసరిగా బ్రాండ్ మారితే డాక్టరుకు చెప్పి, కొద్దిరోజుల్లో లెవల్ మళ్లీ చూపించుకోవాలి. రెండు వారాల మందు ఎప్పుడూ ఇంట్లో అదనంగా ఉండనివ్వండి. డబ్బుకు ఇబ్బందై మాత్రలు సగానికి సగం సాగదీసేవాళ్లు కూడా ఉంటారు, మీ ఇంట్లో ఆ పరిస్థితి ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. ఆపరేషన్ తర్వాతి మందులకు ఆరోగ్యశ్రీలో ఏం వస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

వేరే మందులతో గొడవ కూడా చిన్నది కాదు. జ్వరమో దగ్గో అని వీధి చివరి క్లినిక్‌లో క్లారిత్రోమైసిన్ ఇస్తారు, తామరకని ఫ్లూకొనజోల్ ఇస్తారు. రెండూ టాక్రోలిమస్‌ను బాగా పెంచేస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్ బాగా తగ్గించేస్తాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు నేరుగా కిడ్నీకే చెడుపు. పండ్లలో పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ మానేయాలి. ఏ డాక్టరు దగ్గరికెళ్లినా, పంటి డాక్టరు దగ్గరికైనా సరే, నోరు తెరవగానే చెప్పాల్సిన మాట "నాకు కిడ్నీ మార్పిడి అయింది, టాక్రోలిమస్ వాడుతున్నాను" అన్నది.

మీ పిన్నిగారి ప్రేమను కాదనను. ఆ కషాయం మాత్రం పారబోయండి. తిప్పతీగ రోగనిరోధక శక్తిని పెంచుతుందని అందరూ తాగుతారు. మీవారు రోజూ ఇన్ని మాత్రలు మింగేది ఆ శక్తిని తగ్గించి ఉంచడానికి. పైగా కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు 2021లో బయటపెట్టారు. భస్మాలు, ఏముందో తెలియని పొడులు కూడా వద్దు, కొన్నింటిలో సీసం, పాదరసం లాంటి లోహాలు ఉంటాయి.

తొమ్మిది కిలోల గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు అది క్రియాటినిన్ అంత ముఖ్యంగానే అనిపించింది. స్టెరాయిడ్ ఆకలి పెంచుతుంది. ఇన్నాళ్ల పథ్యం తర్వాత నోటికి రుచి తెలిసి, అర్ధరాత్రి రెండింటికి ఆఫీసులో బర్గరో బిర్యానీయో తినడం అలవాటవుతుంది. టాక్రోలిమస్, స్టెరాయిడ్ రెండూ షుగర్ తెప్పించగలవు. మార్పిడి తర్వాత కొత్తగా షుగర్ వచ్చినవాళ్లు మా ఓపీలో ప్రతి వారం కనిపిస్తారు. ఒక కష్టమైన మాట చెప్పాలి. కిడ్నీ చక్కగా పనిచేస్తూ ఉండగానే గుండెజబ్బుతో ప్రాణం పోయేవాళ్లు తక్కువేమీ కాదు. అందుకే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ అన్నీ కిడ్నీ వైద్యంలో భాగమే. ఇంట్లో బీపీ మిషన్ ఉంచి 130/80 లోపు ఉందో లేదో చూసి రాయండి. మూడు నెలల షుగర్ సగటు పరీక్ష, హెచ్‌బీఏ1సీ, చేయించండి. రోజూ అరగంట నడక. సిగరెట్ ఉంటే ఈ క్షణమే బంద్. నీళ్లు రోజుకు రెండున్నర, మూడు లీటర్లు, మన మే నెల ఎండల్లో ఇంకాస్త ఎక్కువ. కాచి చల్లార్చినవో, ఫిల్టర్‌వో అయితే సరి. రోడ్డు మీద పానీపూరి, చెరకురసం వద్దు.

మాల సంగతి. భక్తికి నేనెందుకు అడ్డం చెబుతాను? ఈ ఏడాదికి మాత్రం వద్దనే అంటాను. క్రియాటినిన్ ఎందుకు పెరిగిందో తేలకుండా నలభై ఒక్క రోజుల దీక్ష, ఒంటిపూట భోజనం, ఆ పైన పంబ నుంచి కొండ ఎక్కడం, ఆ జనం, ఆ దప్పిక ఆయన ఒంటికి మంచివి కావు. వచ్చే ఏడాదికి లెవల్స్ నిలకడగా ఉంటే డాక్టరును అడిగి నిర్ణయించుకోవచ్చు. మాత్ర వేసుకుంటే దీక్షకు భంగమేమో అన్న సందేహం ఆయన మనసులో ఉంటే గురుస్వామి చేతే చెప్పించండి. ప్రాణం నిలిపే మందు మానుకోమని ఏ గురుస్వామీ అనడు.

ఆడపడుచు విషయానికి వస్తే, ఆమెకు ఇప్పుడే ఏమీ చెప్పకండి. రెండో కిడ్నీ ఉందిలే అన్న ఆలోచన ఇంట్లో పాతుకుపోతే మొదటిదాని మీద శ్రద్ధ తగ్గుతుంది. ఇంకో ముఖ్యమైన కారణం కూడా ఉంది. మాత్రలు తప్పి యాంటీబాడీలు పుట్టుకొస్తే అవి ఈ కిడ్నీతోనే ఆగవు. రేపు తోబుట్టువు ఇద్దామని ముందుకొచ్చినా, దాతకు వ్యతిరేకమైన యాంటీబాడీలున్నాయేమో చూసే క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ వచ్చి ఆగిపోవచ్చు. రెండోసారి అవకాశాన్ని కాపాడేది కూడా ఇప్పటి మాత్రలే. ఈ సంగతి మీవారికి ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు, డాక్టరుగారి చేత చెప్పించండి.

ఆయన కోపం గురించి ఒక మాట. మొదటి ఏడాది ఆస్పత్రి, మాస్కు, పథ్యం, పరీక్షలు అన్నీ భయంతో చేస్తారు. రెండో ఏడాదికి ఒంట్లో బాగుంటుంది, జీతం వస్తుంది, ఇక తాను రోగిని కానని అనిపిస్తుంది. ఏళ్లుగా నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఈ దశలో మొదలైనవే. పైగా తల్లి రోజూ "నాన్నా, బాగానే ఉందా?" అని అడుగుతుంటే, డోసు తప్పించిన మనిషికి ఆ ప్రశ్న ఎంత బరువుగా ఉంటుందో ఊహించండి. అందుకే "వేసుకున్నారా, లేదా" అని రోజుకు నాలుగుసార్లు అడగకండి. తీరిగ్గా ఉన్న ఓ ఆదివారం కూర్చుని, ఏ పూట తప్పుతోంది, ఆ టైముకు ఎక్కడ ఉంటున్నారు అని అడగండి. తప్పు ఒప్పుకోమని నిలదీసినట్టుగా కాకుండా, ఇద్దరూ కలిసి టైంటేబుల్ సరిచేసుకుంటున్నట్టుగా. వారం గడులున్న మాత్రల డబ్బా ఒకటి ఇంట్లో, ఒక రోజు మాత్రలు ఆఫీసు బ్యాగులో. ఫోన్‌లో అలారం ఆయన ఫోన్‌లోనే పెట్టుకోనివ్వండి. డాక్టరు దగ్గర మాత్రం ఎన్ని డోసులు తప్పాయో ఉన్నదున్నట్టు చెప్పాలి. అది తెలియకపోతే డాక్టరుగారు తప్పుడు లెక్క మీద మందు మారుస్తారు.

చివరిగా మీ అత్తగారు. ఉత్తరమంతా ఆవిడ ఇచ్చిన కిడ్నీ గురించే ఉంది, ఆవిడ దగ్గర మిగిలిన కిడ్నీ గురించి ఒక్క మాటా లేదు. ఇచ్చినవాళ్లు మామూలుగానే ఆరోగ్యంగా బతుకుతారు, భయం లేదు. అయినా ఏడాదికోసారి ఆవిడకు బీపీ, క్రియాటినిన్, షుగర్, మూత్రంలో ప్రొటీన్ చూడాలి. మోకాళ్ల నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు ఆవిడ కూడా వాడకూడదు. ఆ స్ట్రిప్ ఇంట్లో ఉంటే నడుం నొప్పి వచ్చిన రోజు కొడుకు చెయ్యి కూడా దాని మీదికే పోతుంది. ఈ వారం ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఆవిడను కూడా వెంటబెట్టుకెళ్లి, ఆవిడ పేరు మీద కూడా ఓపీ చీటీ రాయించండి.